మంచుదేశపు తల్లిపాలు

బిడ్డ పుట్టగానే ఏం పట్టాలి? తల్లిపాలు పట్టాలి. ఈ మాట మనకు నర్సమ్మ చెప్పింది. అంగన్‌వాడీ టీచరు చెప్పింది. తల్లిపాలలో కల్తీ ఉండదని కూడా చెప్పారు. నిజమే. అందులో నీళ్లు కలిపేవాళ్లు లేరు. పిండి కలిపేవాళ్లు లేరు.

కాని ఒకచోట తల్లిపాలలో విషం దొరికింది. అది ఎవరు కలిపారో ఆ తల్లులకు తెలియదు. వాళ్ల ఊళ్లలో ఫ్యాక్టరీ లేదు. దున్నిన పొలం లేదు. పురుగుమందుల కొట్టు లేదు. చుట్టూ మంచు, సముద్రం. అయినా వాళ్ల పాలలో పురుగుమందు ఉంది. ట్రాన్స్‌ఫార్మర్లలో పోసే నూనె రకం కూడా ఉంది.

అది అక్కడికి ఎలా పోయింది? దాన్ని ఆపడానికి ఎవరెవరు కలిశారు? ఈ పాఠంలో చదువుదాం.

ఆ ఊళ్లు ఎక్కడున్నాయి?

భూమి బంతిలాగా ఉంటుంది. బంతికి పైకొనను ఉత్తర ధ్రువం అంటారు. హైదరాబాదు నుంచి నేరుగా ఉత్తరానికి పోతే, ధ్రువం సుమారు 8 వేల కిలోమీటర్లు. అక్కడ నేల లేదు. ఉన్నది సముద్రం. దాని పేరు ఆర్కిటిక్ సముద్రం. చలికి ఆ నీళ్లు పైన గడ్డకడతాయి. ఆ గడ్డ మీద మనుషులు నడుస్తారు. కుక్కల బండి కూడా తోలుతారు.

ఈ ఉత్తరపు కొనలో ఎనిమిది దేశాలకు భూములున్నాయి. అవి కెనడా, అమెరికా, రష్యా, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్, డెన్మార్క్. డెన్మార్క్ చిన్న దేశమే. కాని గ్రీన్లాండ్ అనే పెద్ద మంచు దీవి ఆ రాజ్యంలో భాగం.

అక్కడ బాగా ఉత్తరాన ఉన్న ఊళ్లలో ఎండాకాలం కొన్ని నెలలు పొద్దు కుంకదు. రాత్రి పన్నెండు గంటలకు కూడా ఎండ కాస్తుంది. చలికాలం కొన్ని నెలలు పొద్దు పొడవదు. మధ్యాహ్నం కూడా దీపం పెట్టుకోవాలి.

అంత చలిలో మనుషులుంటారా? ఉంటారు. వేల ఏళ్లుగా ఉన్నారు. వాళ్లలో ఒక జాతి ఇన్యూట్లు. మన పాత పుస్తకాలలో వీళ్లను ఎస్కిమోలు అని రాశారు. ఆ పేరు వేరేవాళ్లు పెట్టింది. వాళ్లలో చాలామందికి అది నచ్చదు. వాళ్ల భాషలో ఇన్యూట్ అంటే మనుషులు అని అర్థం. వీళ్లు గ్రీన్లాండ్‌లో, కెనడాలో, అమెరికాలోని అలాస్కాలో, రష్యా తూర్పు కొనలో ఉంటారు. అంతా కలిపి సుమారు 1 లక్షా 80 వేల మంది.

వాళ్ల నేలలో వరి పండదు. జొన్న పండదు. కూరగాయలూ అంతే. కాబట్టి వేట మీద బతుకుతారు. సముద్రంలో సీలు అనే జంతువు ఉంటుంది. తిమింగలం ఉంటుంది. చేపలున్నాయి. నేల మీద కారిబూ అనే దుప్పి ఉంటుంది. చలికి తట్టుకోవాలంటే ఒంట్లో వేడి కావాలి. కొవ్వు తింటే వేడి పుడుతుంది. అందుకే తిమింగలం చర్మాన్ని దాని కింది కొవ్వుతో సహా కోసి తింటారు. మనకు పండుగనాడు పిండివంట ఎంతో, వాళ్లకు అది అంత. ఒకరు తిమింగలాన్ని పడితే ఊరంతా పంచుకుంటారు. ముసలివాళ్లకు, విధవలకు ముక్క పంపిస్తారు.

కొట్టులో తిండి దొరకదా? దొరుకుతుంది. కాని అది విమానంలోనో ఓడలోనో రావాలి. ధర మండిపోతుంది.

పాల సీసాలో ఏం దొరికింది?

కెనడాలో క్విబెక్ అనే రాష్ట్రం ఉంది. దాని ఉత్తర భాగం పేరు నునావిక్. అక్కడ 14 ఇన్యూట్ ఊళ్లున్నాయి. దక్షిణం నుంచి ఆ ఊళ్లకు రోడ్డు లేదు.

1980ల మధ్యలో ఎరిక్ డెవైలీ అనే పరిశోధకుడు క్విబెక్‌లో తల్లిపాలను పరీక్షిస్తున్నాడు. ఫ్యాక్టరీలున్న పట్టణాల తల్లుల పాలలో పి.సి.బి. అనే రసాయనం ఎంత ఉందో చూడాలని ఆయన పని. పి.సి.బి. అంటే నూనెలాంటి పదార్థం. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లలో వేడి తగ్గించడానికి పోసేవారు. రంగుల్లోనూ కలిపేవారు. అది కుళ్లదు, త్వరగా కాలదు. ఆ గుణం చూసే దాన్ని వాడారు. ఆ గుణమే తర్వాత ముప్పు అయింది.

అప్పుడు నునావిక్‌లో కాన్పులు చేసే ఒక మంత్రసాని ఆయనను అడిగింది. మా తల్లుల పాలు కూడా చూస్తారా అని. ఆయనకు సంతోషం వేసింది. పట్టణపు పాలలో విషం ఎంతో తేలాలంటే, విషం లేని పాలు పక్కన పెట్టి చూడాలి కదా! మంచుదేశపు పాలకంటే శుభ్రమైన పాలు ఎక్కడ దొరుకుతాయి?

పాల సీసాలు ప్రయోగశాలకు పోయాయి. లెక్క చూసి అందరూ తెల్లబోయారు. ఆ తల్లుల పాలలోనే విషం ఎక్కువ ఉంది. పట్టణపు తల్లుల పాలలోకంటే సుమారు అయిదు రెట్లు. ముందు పాల నమూనాలే పాడయ్యాయేమో అనుకున్నారు. మళ్లీ తెప్పించి పరీక్షించారు. అదే లెక్క వచ్చింది. 1989లో ఆ లెక్కలు అచ్చయ్యాయి.

ఒక్క పి.సి.బి.యే కాదు. డిడిటి కూడా ఉంది. ఇంకా ఎన్నో పురుగుమందులు ఉన్నాయి.

ఆ తల్లుల మాట ఏమిటి?

ఇక్కడ కాస్త ఆగండి. ఆ తల్లి స్థానంలో మీరు ఉన్నారనుకోండి. ఒళ్లో పసిబిడ్డ. ఎక్కడి నుంచో మనిషి వచ్చి చెప్పాడు. నీ పాలలో విషం ఉందమ్మా అని. ఇప్పుడు బిడ్డకు ఏం పట్టాలి? డబ్బాపాలు కొనాలంటే డబ్బు లేదు. సీలు మాంసం మానేయాలంటే తినడానికి వేరే ఏముంది? మానేసి కొట్టులో దొరికే బిస్కట్లు, చక్కెర నీళ్లు తాగితే ఇంకో జబ్బు. వేట మానేస్తే మొగవాళ్లకు పని లేదు. పంచుకోవడం లేకపోతే ఊరు ఊరుగా ఉండదు.

ఒక దీవిలోని ఊరివాళ్ల రక్తంలో పి.సి.బి. దొరికిందని పత్రికలలో వచ్చింది. ఆ తర్వాత పక్క ఊళ్లవాళ్లు వాళ్లను పి.సి.బి. మనుషులు అని పిలిచారు. చేయని తప్పుకు వెలి వేసినట్టయింది.

ఇంతకీ ఆ విషం ఏం చేస్తుంది? ఒక్కసారిగా చంపదు. నెమ్మదిగా పనిచేస్తుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడే ఈ విషాలు ఎక్కువ చేరిన బిడ్డలకు చెవిలో చీము కారడం వంటి జబ్బులు ఎక్కువగా వచ్చాయని నునావిక్ పరిశోధనలలో తేలింది. జ్ఞాపకశక్తి మీద కూడా దెబ్బ పడుతుందని ఇంకొన్ని పరిశోధనలు చెప్పాయి.

డాక్టర్లు కూర్చుని ఆలోచించారు. తల్లిపాలు మానిపిస్తే బిడ్డకు వచ్చే నష్టం ఎక్కువా, పట్టిస్తే వచ్చే నష్టం ఎక్కువా? చివరకు పాలు పట్టమనే చెప్పారు. తల్లిపాలు బిడ్డను ఎన్నో రోగాల నుంచి కాపాడతాయి. సీలు కొవ్వులో, చేపలో గుండెకు మేలు చేసే గుణం ఉంది. ఆ మేలు వదులుకోకూడదు అన్నారు. కాని ఏ తల్లికైనా ఈ జవాబు సరిపోతుందా? విషం ఉన్నా పట్టు అని చెప్పించుకోవడం కష్టమైన సంగతే. తల్లులు అడిగింది ఒకటే. మా తిండి మార్చమని మాకు చెప్పకండి, ఆ విషం పంపేవాళ్లను ఆపండి అని.

విషం అంత దూరం ఎలా పోయింది?

వంటింట్లోకి పోయి చూడండి. అన్నం కుండ మీద మూత పెట్టారు. కుండ వేడి. మూత చల్లన. ఆవిరి పైకి లేస్తుంది. మూతకు తగిలి చల్లబడుతుంది. చుక్కలుగా మారి కారుతుంది.

భూమి మీద కూడా ఇలాగే జరుగుతుంది. మన వంటి వేడి దేశం కుండ వంటిది. ధ్రువం మూత వంటిది. వేడి దేశంలో పొలానికి మందు కొట్టారు. ఎండకు ఆ మందులో కొంత ఆవిరయింది. గాలిలో కలిసింది. గాలి ఉత్తరానికి వీచింది. ఎక్కడో చల్లబడి నేల మీద పడింది. మళ్లీ ఎండ కాసింది. మళ్లీ లేచింది. ఇంకొంచెం ఉత్తరానికి పోయి పడింది. ఇలా గంతులు వేస్తూ పోతుంది. శాస్త్రవేత్తలు దీన్ని మిడత గంతు అంటారు. చివరకు మంచుదేశం చేరుతుంది. అక్కడ చలి. ఇక లేవడం తక్కువ. అక్కడే ఉండిపోతుంది.

కొంత విషం సముద్రపు నీటితో పాటు కూడా పోతుంది. కొంత అక్కడిదే. 1950లలో అమెరికావాళ్లు ఆ మంచులో రాడార్ కేంద్రాలు కట్టారు. వాటిలో పి.సి.బి. వాడారు. వెళ్లిపోతూ కొన్నిచోట్ల వదిలేసి పోయారు. కాని ఎక్కువ భాగం దూరం నుంచి వచ్చిందే.

గాలిలో, నీళ్లలో ఉన్నది చాలా తక్కువ. అది తల్లిపాలలో అంత ఎక్కువ ఎలా అయింది?

చేతికి పసుపు అంటితే నీళ్లతో పూర్తిగా పోదు. నూనె రాసి తుడిస్తే పోతుంది. పసుపు రంగు నూనెలో కరుగుతుంది. ఈ విషాలూ అంతే. నీళ్లలో కరగవు. కొవ్వులో కరుగుతాయి. ఒకసారి ఒంటి కొవ్వులో చేరితే మూత్రంలో బయటికి పోవు.

సముద్రంలో కంటికి కనపడనంత సన్నని నాచు ఉంటుంది. దానిలో రవ్వంత విషం చేరింది. సన్న రొయ్యలాంటి పురుగు ఆ నాచును రోజూ తింటుంది. తిన్నదంతా అరిగిపోతుంది, విషం మాత్రం మిగులుతుంది. చేప ఆ పురుగులను వేలకొద్దీ తింటుంది. సీలు ఆ చేపలను ఏళ్ల తరబడి తింటుంది. మనిషి ఆ సీలును తింటాడు. మెట్టు మెట్టుకూ విషం పెరుగుతుంది. పై మెట్టు మీద ధ్రువపు ఎలుగుబంటి ఉంది. మనిషి ఉన్నాడు. వాళ్లకంటే పైన ఇంకొకరు ఉన్నారు. ఎవరు? తల్లి ఒంటి కొవ్వుతో తయారైన పాలు తాగే పసిబిడ్డ.

మనకూ దానికీ లంకె ఉందా?

ఉంది. మన పల్లెల్లో పెద్దవాళ్లను అడగండి. వరి చేలకు బి.హెచ్.సి. పొడి చల్లేవారు. గోతపు గుడ్డలో మూటకట్టి దులిపేవారు. చేతులకు తొడుగు లేదు, ముక్కుకు గుడ్డ లేదు. అది చౌక. అందుకే దేశమంతా వాడారు. చైనాలో ఇంకా ఎక్కువ వాడారు. రష్యావాళ్లూ వాడారు. ఆర్కిటిక్ గాలిలో చాలాకాలం అన్నిటికంటే ఎక్కువగా దొరికిన పురుగుమందులలో ఇది ఒకటి.

చైనా 1983లో దాన్ని ఆపింది. వెంటనే ఆర్కిటిక్ గాలిలో అది తగ్గింది. మన దేశంలో 1990ల మొదట్లో పంటలకు వాడకం తగ్గించారు. 1997లో పూర్తిగా నిషేధించారు. మళ్లీ తగ్గింది. ఫలానా ఊరి మందు ఫలానా తల్లి పాలలో చేరింది అని ఎవరూ చెప్పలేరు. కాని ఇక్కడ ఆపితే అక్కడ తగ్గుతుందని గాలి పరీక్షలలో తేలింది.

ఎనిమిది దేశాలు ఎలా కలిశాయి?

ఒక్క దేశం కొలిస్తే సరిపోదు. గాలికి సరిహద్దు లేదు. కాని చాలా ఏళ్లు ఆ దేశాలకు మాటలు లేవు. ఒకవైపు అమెరికా, దాని స్నేహితులు. ఇంకోవైపు సోవియట్ రష్యా. మంచు కింద రెండు పక్షాల జలాంతర్గాములు, అణుబాంబులతో. అక్కడ నీళ్ల సంగతి, గాలి సంగతి కూడా రహస్యమే.

1987 అక్టోబరులో సోవియట్ నాయకుడు గోర్బచేవ్ మూర్మాన్స్క్ పట్టణంలో మాట్లాడాడు. ఉత్తరాన్ని శాంతి ప్రాంతంగా చేద్దాం, కలిసి పరిశోధన చేద్దాం అన్నాడు. ఫిన్లాండ్ ఆ మాట పట్టుకుంది. అందరినీ 1989లో రోవనియెమి అనే ఊరికి పిలిచింది. 1991 జూన్‌లో అదే ఊళ్లో ఎనిమిది దేశాలు సంతకం పెట్టాయి. ఆర్కిటిక్ పర్యావరణాన్ని కాపాడే ఒప్పందం అది. కాలుష్యాన్ని కొలవడానికి ఒక బృందాన్ని కూడా పెట్టారు. 1996లో కెనడా రాజధాని ఆటవాలో ఆర్కిటిక్ మండలి ఏర్పడింది.

ఈ మండలిలో ఒక మంచి పద్ధతి ఉంది. దేశాలతో పాటు అక్కడి మూలవాసుల సంఘాలు కూడా అదే బల్ల దగ్గర కూర్చుంటాయి. అలాంటి సంఘాలు ఆరు ఉన్నాయి. ఇన్యూట్ల సంఘం వాటిలో ఒకటి. తుది నిర్ణయం దేశాలదే. కాని మూలవాసులను అడగకుండా నిర్ణయం చేయకూడదు. మన దగ్గర ఆనకట్ట కట్టేటప్పుడు మునిగే ఊళ్లవాళ్లను ఎంతమంది అడిగారో గుర్తు చేసుకుంటే, ఈ పద్ధతి విలువ తెలుస్తుంది.

కొలవడం అంటే ఏం చేస్తారు? గాలిని పంపుతో పీల్చి స్పాంజి ముక్కలలోంచి పోనిస్తారు. విషం స్పాంజికి అంటుతుంది. దాన్ని ప్రయోగశాలకు పంపుతారు. కెనడాలో అలర్ట్ అనే చోట 1992 నుంచి ఇలా చేస్తున్నారు. నార్వే దీవులలో కూడా ఇలాంటి కేంద్రం ఉంది. సీలు కొవ్వు, ఎలుగుబంటి కొవ్వు కూడా పరీక్షిస్తారు. గర్భిణులను అడిగి, ఒప్పుకుంటే, రక్తం తీసుకుంటారు.

సంతలో ఒక్కొక్క కొట్టువాడి తూకం రాయి ఒక్కొక్క బరువు ఉంటే ఏం అవుతుంది? గొడవ అవుతుంది. ప్రయోగశాలల సంగతీ అంతే. అందుకే ఒకే రక్తాన్ని వేర్వేరు దేశాల ప్రయోగశాలలకు పంపుతారు. అందరి లెక్కా ఒకటే వస్తోందా అని చూస్తారు. పేరు లేని పని ఇది. కాని ఈ పని లేకపోతే పెద్ద సభలో ఎవరూ నమ్మరు. 1997లో ఎనిమిది దేశాల లెక్కలు కలిపి ఒక నివేదిక వచ్చింది. దూరదేశాల విషం ఇక్కడికి వస్తోందని అందులో రాశారు. ఇక కాదనడానికి ఎవరికీ వీలు లేకపోయింది.

రాతి బొమ్మ

ఎనిమిది దేశాలు ఒప్పుకుంటే చాలా? చాలదు. మందు వాడేది ప్రపంచమంతా. కాబట్టి 1998లో ఐక్యరాజ్యసమితి పెద్ద సమావేశాలు మొదలుపెట్టింది. వందకు పైగా దేశాలు వచ్చాయి.

అక్కడికి ఒక ఇన్యూట్ స్త్రీ వచ్చింది. పేరు షీలా వాట్-క్లూటియే. నునావిక్‌లో పుట్టింది. చిన్నప్పుడు కుక్కల బండి మీద తిరిగింది. తన జనం సంఘానికి నాయకురాలయింది. 1999 జనవరిలో ఆఫ్రికాలోని నైరోబీలో సమావేశం జరిగింది. అక్కడ ఆమె ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ పెద్దకు ఒక రాతి బొమ్మ ఇచ్చింది. ఇన్యూట్లు చెక్కిన బొమ్మ. అందులో ఒక తల్లి, ఒక బిడ్డ ఉన్నారు. ఆ బొమ్మను సమావేశాల అధ్యక్షుడి బల్ల మీద పెట్టారు. ఎవరు మాట్లాడినా ఆ తల్లీబిడ్డల ముందే మాట్లాడాలి.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. డిడిటి సంగతి తీశారు. డిడిటిని పూర్తిగా ఆపేయాలని కొందరు అన్నారు. ఆఫ్రికా దేశాలు, మన వంటి దేశాలు ఒప్పుకోలేదు. ఎందుకు? మలేరియా. మన ఊళ్లలో మలేరియావాళ్లు వచ్చేవారు. ఇంటి గోడలకు డిడిటి కొట్టేవారు. గోడ మీద తేదీ వేసి పోయేవారు. ఆ మందు వల్ల దోమలు తగ్గాయి. చలిజ్వరంతో చనిపోయే పిల్లలు బతికారు. అది అబద్ధం కాదు. 1989లోనే మన దేశంలో పంటలకు డిడిటి ఆపారు. మలేరియాకు మాత్రం వాడకం సాగింది.

అంటే ఒకవైపు మంచుదేశపు తల్లి. ఆమె పాలలో డిడిటి ఉంది. ఇంకోవైపు వేడిదేశపు తల్లి. డిడిటి లేకపోతే ఆమె బిడ్డకు మలేరియా. ఎవరి బిడ్డ ముఖ్యం?

ఈ చోట ఇన్యూట్లు ఏమన్నారో వినండి. మా తల్లులను కాపాడడానికి వేరే తల్లుల బిడ్డలు చనిపోయే ఒప్పందం మాకు వద్దు అన్నారు. షీలా ఈ సంగతి సభలో చెప్పింది. దెబ్బ తిన్నవాళ్లే అలా అన్నాక గొడవ చల్లబడింది. దారి దొరికింది. పంటలకు డిడిటి వద్దు. మలేరియా దోమల కోసం మాత్రం, వేరే దారి లేనిచోట, లెక్క చెప్పి వాడుకోవచ్చు. దాని బదులు వేరే పద్ధతులు వెతకాలి. దోమతెరలు, కొత్త మందులు రావాలి.

నాకు ఈ ఒప్పందంలో అన్నిటికంటే ఇదే గొప్పగా కనపడుతుంది. బలమున్న దేశాల సభలలో ఇలాంటి మాట తరచు వినపడదు.

2001 మే నెలలో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో సంతకాలు అయ్యాయి. ముందుగా 12 విషాలను పట్టికలో పెట్టారు. డిడిటి, పి.సి.బి., ఆల్డ్రిన్, ఎండ్రిన్ వంటివి అందులో ఉన్నాయి. ఆర్కిటిక్ మూలవాసులకు ముప్పు ఎక్కువ అని ఒప్పందం మొదట్లోనే రాశారు. 2004 మే నుంచి అది అమలులోకి వచ్చింది. మన దేశం 2006 జనవరిలో చేరింది. బి.హెచ్.సి.లోని రసాయనాలు 2009లో పట్టికలోకి వచ్చాయి.

ఎండోసల్ఫాన్ సంగతి మాత్రం మనవాళ్లకు చేదు. పత్తి రైతులందరికీ తెలిసిన మందు అది. కేరళలోని కాసరగోడు జిల్లాలో జీడితోటల మీద హెలికాప్టర్లతో చల్లారు. అక్కడ ఎంతోమంది పిల్లలు అవిటివాళ్లుగా పుట్టారు. ఆ మందు ఆర్కిటిక్ గాలిలోనూ దొరికింది. 2011 ఏప్రిల్‌లో జెనీవాలో దాన్ని పట్టికలో చేర్చాలన్నారు. మన ప్రభుత్వం ముందు వద్దంది. కొన్ని పంటలకు గడువు ఇస్తామన్నాక ఒప్పుకుంది. మరుసటి నెలలోనే మన సుప్రీంకోర్టు దాన్ని దేశమంతా ఆపేసింది.

మంచులో మన ఇల్లు

నార్వేకు ఉత్తరాన స్వాల్‌బార్డ్ అనే దీవులున్నాయి. 1920 నాటి ఒక ఒప్పందం ప్రకారం ఆ దీవులు నార్వేవి. కాని సంతకం పెట్టిన ఇతర దేశాలవాళ్లు కూడా అక్కడికి పోవచ్చు, పని చేసుకోవచ్చు. అప్పుడు మనం బ్రిటిష్ పాలనలో ఉన్నాం. అయినా సంతకాలలో మన దేశం పేరు ఉంది.

అక్కడ నీ-ఆలెసుండ్ అనే చిన్న ఊరు ఉంది. ధ్రువానికి సుమారు 1,200 కిలోమీటర్లు. ఒకప్పుడు అది బొగ్గుగని ఊరు. 1962లో గనిలో ప్రమాదం జరిగి 21 మంది చనిపోయారు. తర్వాత గని మూసేశారు. ఇప్పుడు అది పరిశోధకుల ఊరు. పది దేశాలవాళ్లు అక్కడ పని చేస్తారు. అందరూ ఒకే భోజనశాలలో తింటారు. ఊరు దాటితే తుపాకి పట్టుకుని పోవాలి, ఎలుగుబంటి వస్తుందని. ఇళ్లకు తాళాలు వేయరు. ఎలుగుబంటి తరిమితే ఎవరైనా ఏ ఇంట్లోకైనా దూరాలి కదా!

2008లో మన దేశం అక్కడ ఒక కేంద్రం తెరిచింది. పేరు హిమాద్రి. గోవాలోని ధ్రువ పరిశోధన సంస్థ దాన్ని నడుపుతుంది. మనవాళ్లు అక్కడ గాలిలోని ధూళిని, మంచు కరగడాన్ని, సముద్రంలోని సూక్ష్మజీవులను పరిశీలిస్తారు. 2014లో నీళ్లలో కొలిచే పరికరం ఒకటి దింపారు. 2023 డిసెంబరులో మొదటిసారి చలికాలంలో కూడా మనవాళ్లు పోయి ఉన్నారు. పొద్దు పొడవని రోజులవి. 2013 నుంచి ఆర్కిటిక్ మండలి సభలలో మన దేశం పరిశీలకురాలు. బల్ల దగ్గర కాకుండా వెనక కూర్చుని వినాలి. పనులలో పాలు పంచుకోవాలి.

అదే ఊరి పక్కన జెప్పెలిన్ అనే కొండ ఉంది. సుమారు 475 మీటర్ల ఎత్తున అక్కడ నార్వేవాళ్ల గాలి పరీక్ష కేంద్రం ఉంది. తీగ మీద వేలాడే పెట్టెలో కూర్చుని పైకి పోతారు. ముందు చెప్పిన స్పాంజి పని అక్కడ జరుగుతుంది.

ఇప్పుడు ఎలా ఉంది?

నునావిక్‌లో 1992 నుంచి గర్భిణుల రక్తం పరీక్షిస్తున్నారు. 2017 నాటికి పి.సి.బి., డిడిటి సగానికి పైగా తగ్గాయి. ఒప్పందం వల్ల తగ్గాయి. అంతకు ముందే చాలా దేశాలు ఆపడం వల్లా తగ్గాయి. చిన్నవయసు తల్లులు సీలు మాంసం తినడం తగ్గించడం ఇంకొక కారణం. ఆ చివరి కారణానికి మాత్రం ఇన్యూట్ పెద్దలు సంతోషించరు.

అన్నీ తగ్గలేదు. పాదరసం ఉంది. బొగ్గు కాల్చినప్పుడు అది పొగలో పోతుంది. బంగారం తీసేచోట కూడా గాలిలో కలుస్తుంది. తిమింగలం మాంసంలో చేరుతుంది. 2011లో నునావిక్ ఆరోగ్యశాఖవాళ్లు గర్భిణులకు చెప్పారు. బెలూగా తిమింగలం మాంసం తగ్గించండి, ఆర్కిటిక్ చార్ అనే చేప తినండి అని. పాదరసం మీద 2013లో వేరే ఒప్పందం అయింది. జపాన్‌లో పాదరసంతో దెబ్బతిన్న మినమాటా ఊరి పేరే దానికి పెట్టారు. అంటుకోని పెనాల పూత, వాన తడవని బట్టల పూత వంటి వాటిలో వాడే కొత్త రసాయనాలు కూడా మంచుదేశపు మనుషుల రక్తంలో దొరుకుతున్నాయి. భూమి వేడెక్కి మంచు కరుగుతోంది. పాత మంచులో చిక్కుకున్న పాత విషం మళ్లీ బయటికి వస్తోంది.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి పోయింది. మార్చిలో మిగతా ఏడు దేశాలు మండలి సమావేశాలు ఆపేశాయి. తర్వాత రష్యా లేని పనులు మళ్లీ మొదలుపెట్టాయి. 2024లో రష్యావాళ్లతో కలిసి పనిచేసే బృందాలు కూడా తిరిగి మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. ఎదురెదురుగా కూర్చుని కాదు, కంప్యూటర్ తెరల మీద. ఆర్కిటిక్ సముద్రతీరంలో సగం రష్యాదే. అక్కడి నుంచి లెక్కలు సరిగా రాకపోతే పటంలో సగం ఖాళీ. ఆ ఖాళీ వైపున కూడా వేటాడేవాళ్లు ఉన్నారు. పాలిచ్చే తల్లులు ఉన్నారు. వాళ్ల రక్తంలో ఈ ఏడు ఏముందో జెప్పెలిన్ కొండ మీది పంపు చెప్పలేదు.